ఫోల్డర్ తుడిచే ముందు

మా టీమ్ లీడ్ గారు ఒకప్పుడు నెలరోజుల పని పోగొట్టుకున్నారని రాజమండ్రి ఆఫీసులో చెప్పుకొనేవారు. దానికి ఆధారం నాకు దొరకలేదు. ఏ కోడ్ ఫోల్డరైనా తుడిచే ముందు ఆవిడ రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకోవడం మాత్రం స్వయంగా చూశాను.

మాది గోదావరి వరద హెచ్చరికల ప్రోగ్రామ్. ఉద్యోగం మానేసిన సహోద్యోగి ల్యాప్‌టాప్‌ను ఖాళీ చేసి కొత్తవారికి ఇవ్వాలి.

"కోడంతా సర్వర్లో ఉందండి. పంపాల్సిన మార్పులేమీ మిగల్లేదని స్టేటస్ కమాండు చెబుతోంది. తీసేద్దామా?" అన్నాను.

ఆవిడ చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి. "అంత తొందరేంటండీ, ఫోల్డరేమైనా అన్నం అడుగుతోందా? స్టాష్ చూశారా?"

స్టాష్ అంటే పక్కన దాచిన మార్పులు. అవి మామూలుగా స్టేటస్‌లో కనబడవు, సర్వర్‌కూ చేరవు. తెరిచి చూస్తే, లంక గ్రామాల నీటిమట్టం లెక్కకు చేసిన సవరణ ఒకటి అందులో ఉంది. మరెక్కడా లేదు. ఆవిడ దాన్ని అసలు కోడ్‌తో కలపకుండా విడి బ్రాంచిగా సర్వర్‌కు పంపి, నా కంప్యూటర్లోకి తెప్పించి, పరీక్షలు నడిపించి, ఫలితాలు సరిపోయాకే "ఇప్పుడు తీసేయండి" అన్నారు. ఫోల్డర్ తీసేశాను.

అంత అవసరమైన సవరణను ఆ సహోద్యోగి పంపకుండా ఎందుకు ఉంచేశారో ఇప్పటికీ తెలియదు. ఫోన్ చేస్తే, "అది నేనే రాశానాండీ?" అని ఆయనే నన్ను అడిగారు.