పందికి పెద్దబాపు నడక

మొన్న ఆదివారం ఎడపల్లి నుంచి మా మరదలు ఫోన్ చేసింది. మరదలంటే పెద్దబాపు కోడలు. నేను నిజామాబాద్‌లో నా ఫ్లెక్సీల దుకాణంలో కూచుని, ఎవరిదో పుట్టినరోజు బ్యానర్ మీద మొహానికి తెలుపెక్కిస్తున్నాను. పక్షవాతం వచ్చి పెద్దబాపు కుర్చీకే అంటుకుపోయి ఏడాది కావస్తోంది కనుక, ఆ ఇంటి నంబరు కనబడగానే గుండె గుబేలుమనాలి. అనలేదు. అబద్ధమెందుకు, కొంచెం ఆశ కూడా కలిగింది. తీరా ఆమె అడిగింది వేరు. "వదినే, నువ్వు సదువుకునేటప్పుడు జేసిన పంది బొమ్మల సినిమా ఇంకా ఉన్నదా? మామ ఒక్కతీర్గ అడుగుతుండు. నా నడక ఆ పిల్ల దగ్గర ఉన్నది, తెప్పియ్యున్రి అంటుండు." బ్యానర్ మీది మొహాన్ని సగం తెలుపు, సగం నలుపుగా అలాగే వదిలేశాను. నా నడక, అన్నాడట. అంటే ఆయనకు అప్పుడే తెలుసన్నమాట!

ఇది అర్థం కావాలంటే మా నాన్న సంగతి, మా బాపు సంగతి చెప్పాలి. బాపు కైతలు కట్టేవాడు. కాగితం మీద పెట్టే అలవాటు లేదు. చెరకు మడికి నీళ్లు కడుతూ, పార భుజాన వేసుకుని గెట్టు మీద నిలబడి, ఒక్కో పాదం పైకి అనుకుంటూ కట్టేవాడు. కుదిరిందనిపిస్తే ఇంటికొచ్చి, కాళ్లైనా కడుక్కోకుండా, అమ్మకూ నాకూ వినిపించేవాడు. అమ్మ కూరలో ఉప్పు చూసుకుంటూ "బాగుంది" అనేది, ఆ మాట కూరకో కైతకో మాకు తెలిసేది కాదు. ఆయనకు మాత్రం అది చాలు. పెద్దబాపు, అంటే ఆయన ఒక్కగానొక్క అన్న, బోధన్‌లో ఫంక్షన్ హాలు మాట్లాడి పెద్దకూతురి పెళ్లి చేసినప్పుడు, బాపు కొత్త లాల్చీ వేసుకుని స్టేజీ ఎక్కాడు. అన్న బిడ్డకు కట్నంగా ఒక కైత చదువుతానన్నాడు. రెండు పాదాలు అయ్యాయో లేదో పెద్దబాపు వచ్చి, బాపు చేతిలోంచి మైకు గుంజుకున్నాడు. "మా తమ్ముడు పిట్టలదొర లెక్క మొదలువెట్టిండు. గీయనది ఒడిసేదాక కూసుంటే బువ్వలు సల్లారుతయ్. లేవున్రి, తినున్రి!" హాలు హాలంతా నవ్వింది. బాపు కూడా నవ్వాడు, అదే నేను మరిచిపోలేనిది. లాల్చీ చేతులు పైకి మడుచుకుని, బంతిలో మంచినీళ్లు పోయడానికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఊరంతా ఆయన్ని, ఊరూరా కోతలు కోసి నవ్వించే వేషగాడి పేరుతో, పిట్టలదొర అనే పిలిచింది. ఆయన మళ్లీ కైత కట్టలేదు. కట్టినా పైకి అనలేదు.

నేను డిగ్రీ అయ్యాక నిజామాబాద్‌లో యానిమేషన్ నేర్చుకున్నాను. బస్టాండుకు దగ్గర్లో చెప్పుల దుకాణం మీద, మేడ మెట్లెక్కుతుంటే తోలు వాసన వెంట వచ్చే ఇన్‌స్టిట్యూట్ అది. మా సారు చాయ తాగుతూ మా వెనక తిరిగేవాడు, ఏ బొమ్మ చూసినా "బరువు లేదు" అనేవాడు. గాలిపటం బొమ్మ వేసినవాడిని కూడా అన్నాడు. చివరి ప్రాజెక్టుకు ఏదైనా ఒక కవితను బొమ్మల్లో చెయ్యమన్నాడు. అందరూ పాఠ్యపుస్తకాలు తిరగేశారు. నేను నాకు కంఠతా వచ్చిన బాపు కైత ఎంచుకున్నాను. చెరకు ముచ్చెలు నాటడం, నీళ్లు కట్టడం, గడలు ఏపుగా పెరగడం, ఆఖరి పాదంలో అడవిపంది వచ్చి మడంతా తొక్కి పోవడం. గొంతు నువ్వే ఇవ్వమని బాపును అడిగాను. "నాకు యాదికి లేదు బిడ్డా" అని ఎద్దులకు నీళ్లు పెట్టే నెపంతో లేచిపోయాడు. ఎద్దులు అప్పటికే తాగి నెమరేస్తున్నాయి. ఆ పొద్దే నిర్ణయించుకున్నాను. పందికి పెద్దబాపు నడక పెట్టాలి, ఆ హాల్లోనే వెయ్యాలి, ఆ జనమే నవ్వాలి.

పెద్దబాపు నడకంటే మామూలు నడక కాదు. కుడి భుజం కిందికి వాలుతుంది. ఎడమ మడమ నేలను కొంచెం గీకుతుంది. నాలుగడుగులకోసారి ఆగి, ధోవతి ఎగలాక్కుని, ఎవరైనా చూస్తున్నారా అని మెడ తిప్పుతాడు. కూరగాయలు కొంటున్నట్టు, చెప్పు తెగినట్టు, బస్సు తప్పినట్టు నటిస్తూ ఆయన వెనక నేను చాలా తిరిగాను. ఇంటికొచ్చి అద్దం ముందు అలాగే నడిచి, ఏ కాలు ఎప్పుడు లేస్తుందో బొమ్మలు గీసుకునేదాన్ని. సారు చూసి బరువు లేదన్నాడు. దిద్దాను. పంది ధోవతి ఎందుకు ఎగలాక్కుంటుందన్నాడు. ధోవతి తీసేసి, తుంటి విదిలింపు మాత్రం ఉంచాను. మళ్లీ దిద్దాను. కరెంటు పోయి చేసినదంతా పోతే, తిట్టుకోకుండా మళ్లీ మొదలుపెట్టాను, పగకు అంత ఓపిక ఉంటుంది. చివరికి సారు చాయ గ్లాసు పక్కన పెట్టి, "ఇప్పుడు బరువున్నది" అన్నాడు. ఇంకోటి కూడా అన్నాడు. "పంది ఆఖరికి రావాలె. మొదటి నుంచే ఎందుకు తిప్పుతున్నవ్? కైత వినేటోళ్లు పందినే చూస్తరు." ఆ ఒక్క దిద్దుబాటూ నేను చెయ్యలేదు. కైత ఎవరు వింటే నాకేం, నాక్కావలసింది పంది.

పెద్దబాపు కొడుకు రిసెప్షన్ మళ్లీ అదే హాల్లో జరిగింది. పిల్లా పిల్లగాడు ముస్తాబై వచ్చేదాకా తెర ఖాళీగా ఉందని, తెరవాడికి పెన్‌డ్రైవ్ ఇచ్చాను. నా గొంతులో కైత మొదలైంది, పంది చెరకులోకి నడిచింది. ముందు పిల్లలు కిసుక్కుమన్నారు. తర్వాత వెనక వరసలోంచి ఒక ముసలమ్మ, "ఓ యవ్వా, గీ పంది అచ్చం మన పెద్దపటేల్ లెక్కనే నడుస్తున్నది!" అంది. హాలు గొల్లుమంది. నేను పెద్దబాపు మొహమే చూస్తున్నాను. ఆయన అందరికంటే గట్టిగా, పొట్ట పట్టుకుని నవ్వాడు. దగ్గరికి పిలిచి నా నెత్తి మీద చెయ్యి వేసి, "ఎవలిదే గీ నడక? యాడనో సూసినట్టే ఉన్నది" అన్నాడు. తన నడక తను ఎన్నడూ చూసుకోడు కదా, అందుకే గుర్తుపట్టలేదనుకున్నాను. కొట్టిన దెబ్బ తగలవలసినవాడికి తగలకపోతే చెయ్యి నొప్పి పుడుతుంది. ఇంటికి పోయేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

బాపు నవ్వలేదు. మర్నాడు గెట్టు మీద నా పక్కన కూచుని, "కైత గంత ఉరికిచ్చుడేంది? ఆడ ఆగాలె" అన్నాడు. ఎక్కడ అన్నాను. కాసేపు పారతో మట్టి గీకి, మెల్లగా అందుకున్నాడు.

"నీళ్లు కట్టిన చేతిని గెట్టు యాదివెట్టుకుంటది,
నిలువున తొక్కిన కాలిని మడి యాదివెట్టుకుంటది."

రెండింటి మధ్యా ఒక ఊపిరి ఆగాడు. అన్నేళ్ల తర్వాత ఆ గొంతు వినగానే, బొమ్మలకు కైత నువ్వే చదవాలని పట్టుబట్టాను. ఆ వారంలోనే ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో బస్సెక్కి ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. బస్సుల హారన్లు పడకుండా సారు కిటికీలు మూసి, ఫ్యాను ఆపేశాడు. బాపు చెమటలు కారుతూ కైత మొత్తం చదివాడు. నా గొంతు తీసేసి ఆయనది పెట్టాను. ప్రాజెక్టు అలాగే ఇచ్చాను, దాన్ని మళ్లీ ఎవరికీ చూపలేదు.

బాపు పోయి నాలుగేళ్లయింది. ముందు పోవలసిన పెద్దబాపు తమ్ముడి చావుకు వచ్చి, అదే నడక నడిచి, పాడె వెనక నాలుగడుగులకోసారి ఆగాడు. ఇప్పుడు ఆ నడక ఆయన దగ్గర లేదు. రిసెప్షన్ నాడు తెలిసే నవ్వాడంటే, నా పగను నా కళ్లముందే నమిలి మింగాడన్నమాట. పాత కోపం మొత్తం మళ్లీ లేచింది. పంపనని మెసేజ్ కొట్టాను, పంపకముందే తుడిచేశాను. పాత కంప్యూటర్ దుమ్ము దులిపి, ఫైలు తెరిచి, సారు చెప్పిన ఆ ఒక్క దిద్దుబాటూ ఇన్నాళ్లకు చేశాను. పందిని మొదట్నుంచీ తీసేసి ఆఖరి పాదంలో పెట్టాను. అంతవరకూ చెరకు, నీళ్లు, బాపు గొంతు. పంపుతూ మరదలికి గట్టిగా చెప్పాను, నడుమ ఎక్కడా ముందుకు జరపొద్దని. ఆయనకు జరుపుకునే చెయ్యి ఎలాగూ లేదు, గుంజుకోవడానికి మైకూ లేదు.

నిన్న మరదలు మళ్లీ ఫోన్ చేసింది. "అయిపోంగనే మల్ల పెట్టుమంటుండు వదినే. నడక సూసుకునెతందుకే గని, కైతంత నోటికొచ్చింది. పంది రాకముందే పెదవులు కదులుతున్నయ్. చిన్నమామ సదువుకుంట ఆగిన కాడ తను సుత ఆగుతుండు." జాలి కలగలేదు. కడుపు నిండింది. ఇంటికి పోయి ఎవరికైనా చెప్పాలనిపించింది, చెప్పవలసిన మనిషి ఒక్కడే. బాపు కైత అన్న నోట పలికే నాటికి ఆయన్ని లేకుండా చేసింది కాలం. దానికి నా మీద ఏం పగ ఉందో నాకు తెలియదు.