నా తలకు అంటిన ఆముదం

నేను చెబుతాను, రాసేవాళ్లు రాయండి. తియ్యగా మార్చకండి. నాకు నాలుగు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు కానీ, చదివి వినిపిస్తే ఏ మాట నాది కాదో పట్టుకోగలను.

కామారెడ్డిలో మా అత్తగారిది భూములున్న ఇల్లు. నా మొగుడు పోయాడు. కడుపున ఒక్క కాయా కాయలేదు. అత్తమామలు అంతకుముందే పోయారు కాబట్టి ఇంటి తాళాలన్నీ మా పెద్ద తోటికోడలి కొంగుకు చేరాయి. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. పిలుపు మాత్రమే, నోట్లోంచి వచ్చేది, గుండెలోంచి కాదు.

ఏటా ఆముదం వండేది నేనే. గింజలు వేయించడం, రోట్లో దంచడం, కుండలో నీళ్లు పోసి ఉడికించడం, పైకి తేలిన నూనెను గంటెతో తీయడం, అన్నీ నా చేతి మీదే. పొగకు నా కళ్లు పోతే పర్లేదు, చేతులు బొబ్బలెక్కితే పర్లేదు. ఒకసారి మాత్రం కుండలో వేళ్లు ముంచి, నెత్తికి రాసుకొని, మళ్లీ ముంచాను. అక్క చూసింది.

"ముండమోసినదానికి తలకు నూనెందుకే? ఎవనికి సూపెట్టనీకి సింగారం? నెత్తిన పెట్టుకున్న చెయ్యి మళ్ల ముంచినవ్. గీ మైల నూనె ఇగ పసిపోరగాండ్లకు పనికొస్తదా?"

కుండ కుండంతా తీసుకుపోయి బండి ఇరుసుకు పోయించింది. బండికి దక్కింది, నాకు దక్కలేదు. ఆనాటి నుంచి నా తల ఎండిపోయిన గడ్డివామి.

తర్వాత కొన్నేళ్లకు ముట్లు ఆగే వయసు వచ్చింది. ఉన్నట్టుండి ఒంట్లో మంట లేచేది. ముఖం కాలేది, మెడ తడిసేది. కూర్చుంటే ఏడుపు, లేస్తే కోపం. నిద్ర అనేది ఎలా ఉంటుందో మరిచాను. పొయ్యి దగ్గర కూర్చుని తూలితే అక్క నవ్వేది. "తిని కూసుంటే గట్లనే తూలుతది" అనేది. ఆ ఇంట్లో అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినేది నేను. ఆ నవ్వును నేను మరవలేదు. మరవను కూడా.

దూరదేశాల్లో యుద్ధం మొదలైందని రైలు టేసన్లో జనం చెప్పుకునే రోజులవి. ఆ ఏడు పురుగు పడి మా చుట్టుపక్కల ఆముదపు చెట్లకు ఈనెలే మిగిలాయి. అప్పుడే అక్క బిడ్డ తొలికాన్పుకు వచ్చింది. బాలింత ఒంటికీ పసిదాని మాడుకూ ఇంట్లో వండిన ఆముదమే పెట్టాలి. అంగట్లో గానుగ నూనె ఉన్నా మావాళ్లు ముట్టరు.

"ఎల్లారెడ్డి పోయి మీ అన్నను అడిగి గింజలు పట్టుకరా" అంది అక్క. అడగలేదు, ఆజ్ఞ వేసింది.

పోయాను. మా అన్న చెలకకు పురుగు తగల్లేదు. నన్ను చూడగానే వదిన గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది మరదలా, నీ నెత్తి గిట్లయింది? పిచ్చుకలు గూడు పెట్టుకుంటయి."

నా మంటల సంగతి చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. వదిన నన్ను అరుగు కింద కూర్చోబెట్టి కొప్పు విప్పింది.

"నాకు గూడ గంతే అయింది. ఒంట్ల నిప్పులు పోసినట్టుంటది. తల సల్లగుంచుకోవాలె, కడుపునిండ తినాలె, జర నడుం వాల్చాలె. గివి అడిగితే పాపమా?"

"ముండమోసినదాన్ని గద వదినె."

"మొగడు సస్తే మాడు సస్తదా?"

ఆమె నూనె అంటుతుండగానే నేను ఒరిగిపోయానట. మధ్యాహ్నం కూర్చున్నదాన్ని పొద్దు వాలినాక లేచాను. లేవగానే హాయిగా అనిపించలేదు. ఒళ్లు మండింది, కానీ ఆ మంట వేరు. ఇంత చిన్న దానికా నన్ను ఇన్నేళ్లు ఎండబెట్టారు? గిద్దెడు నూనె, ఒక చెయ్యి. అంతే కదా! గింజల మూట బండెక్కించుకుని, దారి పొడుగునా పళ్లు కొరుక్కుంటూ తిరిగి వచ్చాను.

నేను చేరేసరికి అక్క బిడ్డ ఆడపిల్లను కన్నది. మర్నాడే నీళ్లు పోయాలి. మంత్రసాని అవ్వ దొడ్లో కూర్చుని నా కుండ వైపే చూస్తోంది. నూనె తీశాను, చల్లార్చాను. అక్క గిన్నె పట్టుకుని వచ్చింది. ఆమె చూస్తుండగా కొప్పు విప్పి, కుండలో చెయ్యి ముంచి నెత్తికి రాసుకున్నాను. మళ్లీ ముంచాను. మోచేతి దాకా ముంచాను.

అక్క గిన్నె జారవిడిచింది. "ఏం పుట్టిందే నీకు? పిల్లకని తెచ్చింది గద!"

"మైలైంది అక్కా. ఇగ పనికిరాదు. కావాల్నంటే ఇరుసుకు పోసుకో."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకు. అక్క ఇల్లిల్లూ తిరిగింది. పురుగు పడ్డ ఏడు ఎవరి దగ్గర ఉంటుంది? ఉత్త గిన్నెతో తిరిగి వస్తుంటే ఆమె నడకను కళ్లారా చూశాను. ఎంత బాగుందో ఎలా చెప్పను! పండుగ భోజనం కూడా అంత రుచిగా ఉండదు.

మర్నాడు పొద్దున అవ్వ తెగేసి చెప్పింది. "ఆముదం లేంది నేను నీళ్లు పొయ్య. గా కుండల ఉన్నది విషమా? తెచ్చుకో పో."

అక్క నా గది గడప దగ్గరికి వచ్చి నిలబడింది. "జర ఆముదం ఇయ్యే."

"మైల గద."

"మైల లేదు, ఏం లేదు. పిల్ల తల్లడిల్లుతాంది."

పిల్ల మీద నాకు పగ లేదు. పగ ఉన్నది అక్క మీద. నూనె ఎలాగూ ఇద్దామనే అనుకున్నాను, కానీ ఊరికే ఇస్తానా?

"నోటితోని చెప్తే నమ్మ. చేతితోని చెప్పు" అంటూ కుండ తెచ్చి దొడ్లో బండ మీద కూర్చున్నాను. "ముందుగాల నా తలకు అంటు. గదే చెయ్యి కడుగకుండ పోయి నీ మనుమరాలికి అంటు."

"పెద్దదాన్ని నేను!"

"అయితే మంచిగనే అంటుతవు."

అవ్వ తమలపాకు నములుతూ చూస్తోంది. లోపల పసిది ఏడుస్తోంది. అక్క నా వెనక్కి వచ్చింది. మొదట ముళ్లకంపను ముట్టినట్టు ముట్టింది. "గట్ల కాదు, మాడు మీద ఒత్తు" అన్నాను. ఒత్తింది. కోపంతోనో సిగ్గుతోనో, నేను అడగలేదు. నూనె చెవుల వెనక నుంచి మెడ మీదికి జారింది. నాకు కళ్లు మూతపడుతున్నాయి.

"సాలా?" అంది.

"ఎనుక దిక్కు ఇంక ఎండినట్టే ఉన్నది అక్కా" అన్నాను.