హెచ్చరిక: ఇందులో కాకరకాయ ఉంది

ఆ రోజుల్లో నాతో మాట్లాడే మనిషి కావాలంటే ఫోనులో వెతుక్కోవాల్సి వచ్చేది. గోదావరిఖనిలో రెండు గదుల క్వార్టరు, అందులో నేనొక్కణ్ణే. అమ్మ ముందే పోయింది. బొగ్గుబాయిలో పైకప్పు కూలి బాపు కూడా పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు (అలా వచ్చిన ఉద్యోగానికి ఎవరూ స్వీట్లు అడగరు). ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు పేల్చేముందు బ్లాస్టింగు సైరన్ మోగగానే ఎర్రజెండా పట్టుకుని దారికి అడ్డంగా నిలబడటం నా పని. పొద్దంతా మనుషుల్ని దూరంగా ఉంచి ఇంటికొస్తే, దగ్గరికొచ్చేవాళ్లు లేరు.

ఫోనులో కథలు చదివేవాళ్ల గ్రూపొకటి దొరికింది. ట్రిగ్గర్ వార్నింగ్ అంటే ఏమిటో అక్కడే ఒక టీచరక్క చెప్పింది. పాత గాయం ఉన్నవాళ్లకు మళ్లీ దాని మీదే దెబ్బ తగలకుండా, ఇందులో ఫలానా సంగతి ఉందని ముందే చెప్పడమట. నాకు ప్రాణం లేచివచ్చింది. అంతకు కొన్నాళ్ల ముందు ఎవరో గని కూలిన కథ పెడితే, సగంలోనే ఫోను బోర్లించి అన్నం తినకుండా పడుకున్నవాణ్ణి. ఇది మా సైరన్ లాంటిదే కదా అనుకున్నాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కూర ఫోటో పెట్టినా 'హెచ్చరిక: ఇందులో కాకరకాయ ఉంది' అని రాసేవాణ్ణి. వాన గురించి రాస్తే 'హెచ్చరిక: ఆరని బట్టలు'. ఇతరుల కథల కింద కూడా 'అత్తగారున్నారు, జాగ్రత్త' అని నేనే తగిలించేవాణ్ణి. అందరూ నవ్వారు. నవ్వడమంటే నాకు జవాబు వచ్చినట్టే కదా, ఇంకా పెట్టాను. "తమ్ముడూ, ఇది నిజంగా అవసరమైనవాళ్లున్నారు" అని టీచరక్క మెత్తగా మందలిస్తే, ఆ మాట కింద 'హెచ్చరిక: మందలింపు' అని రాశాను.

బాపు సంవత్సరీకం నాడు డ్యూటీ నుంచి వచ్చి, ఆయన గురించి నాలుగు మాటలు రాసుకున్నాను. పైన 'హెచ్చరిక: ఇందులో మా బాపు చావు ఉంది' అని పెట్టాను. ఒకాయన నవ్వు బొమ్మతో "ఈసారి కాకరకాయ లేదా?" అన్నాడు. మిగతావాళ్లు చూసి కూడా ఊరుకున్నారు. ఆ ఫోను పట్టుకుని లైటు కూడా వేయకుండా కూర్చుండిపోయాను. అంత ఒంటరితనం బాపు పోయిన రోజున కూడా తెలియలేదు.

తలుపు తీసే ఉంది. బాపుతో బాయిలో పనిచేసి రిటైరైన బీడీ కాక తిన్నగా లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"ఏందిరా గిట్ల చీకట్ల కూసున్నవ్? మీ బాపైతే పొద్దు గూకకముందే లైట్లన్ని ఏసేటోడు. బాయిల చూసిన చీకటి సాలదా, ఇంట్ల గూడ ఎందుకనేటోడు."

"కాకా, బాపు ముచ్చట తీసేముందు చెప్పొద్దా?" అన్నాను.

"గదేంది! మీ బాపు ముచ్చట నీతోని మాట్లాడనీకి పర్మిషన్ గావాల్నా?" అన్నాడు. నా మొహం చూసి తగ్గాడు. "వద్దంటె జెప్పు బిడ్డా, పోత."

"పోకు కాకా. ఇంకింత చెప్పు."

చెప్పాడు. నేను ఏడ్చాను, నడుమ నవ్వాను కూడా. చెప్పాలో వద్దో అడిగినందుకు కాక మీద, అడగకముందే మొదలుపెట్టినందుకు కూడా ఆయన మీదే ప్రేమ పుట్టింది.

ఇప్పుడు నేను హెచ్చరికలు అవసరమైన చోటే పెడుతున్నాను. కాకరకాయను దాని మానాన వదిలేశాను. కాక బెల్లంపల్లిలో కూతురింటికి వెళ్లిపోయాడు. నా చుట్టూ ఉన్నవాళ్లు నేను నొచ్చుకుంటానని బాపు పేరే ఎత్తరు, పాపం మంచివాళ్లు. పొద్దు గూకకముందే లైట్లన్నీ వేసి, ఎవరైనా చెప్పాపెట్టకుండా వచ్చి ఆయన ముచ్చట తీస్తారేమోనని తలుపు తీసే ఉంచుతాను. ఇప్పటిదాకా దోమలే వస్తున్నాయి.