చిత్తకార్తె రాకముందే

మా ఇంట్లో ఒక మగ కుక్కకి ఆపరేషన్ చేయించాలా వద్దా అని నెలల తరబడి చర్చ జరిగింది. తొంభైల చివర్లో సంగతి. జంగారెడ్డిగూడెం దగ్గర మా పామాయిల్ తోటలో మోటార్ల వైరు పోతోందని మావారు రాజమండ్రి నుంచి డాబర్‌మాన్ పిల్లని తెచ్చారు. ఎనిమిది నెలలకే అది గేటు మీద కాళ్ళేసి రోడ్డు చూడడం మొదలెట్టింది. అన్నం కలిపి పెట్టేది నేను, "నా కుక్క" అనేది ఆయన.

పశువుల డాక్టరుగారు స్పష్టంగానే చెప్పారు. "ఏడాది నిండనివ్వండి, ఎముక ముదురుతుంది. ఆ తర్వాత మాత్రం ఆలస్యం చెయ్యకండి. చిత్తకార్తె వచ్చిందంటే మగ కుక్క కట్టు నిలవదండి. ఊరకుక్కల గుంపులో పడితే చీల్చేస్తాయి." దానికి వినాయకచవితికి ఏడాది నిండుతుంది. అప్పటికీ చిత్తకార్తెకీ మధ్యలో దాదాపు నెల ఉంది. చాలదా?

చాలలేదు. "మగ పుటక పుట్టినదానికి ఆ పని చేయించి పాపం మూటగట్టుకుంటామా? మొరగడం కూడా మానేస్తాది" అన్నారు మావయ్యగారు. ఆయన పాకలో నాలుగు ఎద్దులూ విత్తులు కొట్టించినవే. "అవి బండి లాగడం మానేశాయా అండీ?" అన్నాను. "ఆడదానివి, నీకెందుకమ్మా ఈ మాటలు" అన్నారు. మావారు డాక్టరుగారికి ఫోన్ చేసి, "నొప్పి బాగా ఉంటుందా అండి? ఎన్నాళ్ళకి లేచి తిరుగుతాడు? చిన్నవాడండి, మనసొప్పడం లేదు" అంటుంటే పప్పు మెదుపుతూ విన్నాను. ఒళ్ళు మండిపోయింది.

అప్పటికి పదకొండేళ్ళ కిందట నాకు ఆపరేషన్ చేయించినప్పుడు ఇరవై రెండేళ్ళు. రెండో కాన్పులోనూ మగపిల్లాడే. "ఎలాగూ ఆస్పత్రిలోనే ఉందిగా, ఆ పనీ అయిపోతే పోద్ది" అన్నారు అత్తయ్యగారు. మావారు కాగితం మీద సంతకం పెట్టేసి, ఫ్లాస్కు పట్టుకుని కాఫీకి వెళ్ళారు. అంతే, చర్చ ముగిసింది. నాకు ఆడపిల్ల కావాలని ఎంత ఉండేదో! కుట్లు చీము పట్టి నెల్లాళ్ళు వంగి నడిచాను. "అందరూ చేయించుకునేదేగా, నీకొక్కదానికేనా?" అన్నారాయన.

కుక్కది మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. చవితి వెళ్ళాక చూద్దామన్నారు, తర్వాత దసరా వెళ్ళాక అన్నారు. నాలుగుసార్లు గుర్తుచేశాను. చివరిసారి, "నోరులేని జీవం మీద అంత పగేంటే నీకు?" అన్నారు. ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నా తప్పే, దానికి నోరు లేకపోతే నాకుందిగా.

దసరా కంటే ముందే చిత్తకార్తె వచ్చింది. మూడోనాడు గొలుసు తెంపుకుని పోయింది. ఆరు రోజులకి తిరిగొచ్చింది. ముళ్ళకంచెలో చీరుకుందో, కుక్కలే చీల్చాయో, తొడల మధ్యంతా పుండు, పురుగులు. నన్ను చూసి ఆ మొండి తోకే ఆడించింది. అయ్యో నా తండ్రీ అనుకుంటూ గోనెపట్టాలో చుట్టి ఆటోలో తీసుకెళ్ళాం.

"ఇప్పుడు తీసెయ్యక తప్పదండి. బతుకుతుందని చెప్పలేను, సంతకం పెట్టండి" అన్నారు డాక్టరుగారు. మావారు పెన్ను మూత తీశారు. "నా వల్ల కాదే, నువ్వు పెట్టు" అని పెన్ను నా చేతికిచ్చారు. పెట్టాను.

మర్నాడు పొద్దున్నే పోయింది. తోటలో మోటారు పక్కన పూడ్చి వచ్చి, ఆయన అరుగు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవగా చూడడం అదే మొదలు. నాకూ ఏడుపు ఆగలేదు.

"ఎలా మూలిగాడో విన్నావుగా. ఆ కోత ఇంత నొప్పి పెడుతుందని నాకేం తెలుసే?" అన్నారు.

"పదకొండేళ్ళుగా పక్కనే ఉన్నాను కదండీ, నన్నడగాల్సింది" అన్నాను.