సగం గడ్డంతో దొరికిన శవం

ఏలూరులో మా బావ సెలూన్‌లో ఉన్న డిటెక్టివ్ నవలలన్నిటికీ ఒకటే జబ్బు. మొదటి అధ్యాయం ఉండేది కాదు. హంతకుడి కోసం పోలీసులు ఊళ్ళు గాలిస్తుంటారు. చచ్చిందెవరో మాత్రం చదివేవాడికి తెలీదు.

ఆ నేరం మా బావదే. గడ్డం గీసేటప్పుడు కత్తికి అంటిన నురగ తుడవడానికి తాడేపల్లిగూడెంలో పాత కాగితాల కొట్టు నుంచి తూకానికి పేపర్లు తెచ్చుకునేవాడు. ఒకసారి ఆ కట్టల్లో పాత నవలలు వచ్చాయి. కాగితం మెత్తగా ఉంది, నురగని చక్కగా పీల్చుకుంటోంది. ఇంకేముంది, అద్దం దగ్గర పెట్టుకుని మొదటి పేజీ నుంచి చింపడం మొదలెట్టాడు. మిగిలింది బెంచీ మీదకి, జనం చదువుకోడానికి.

"వెనకనించి చింపొచ్చు కదా బావా?"

"చివర లేకపోతే జనం నన్ను చంపుతారు. మొదలు లేకపోతే నిన్ను అడుగుతారు. అంతే తేడా."

అడిగేవాళ్ళు కూడాను. "ఏవండీ, ఇందులో పోయిందెవరండీ?" అని. నేను ఎనిమిదితో బడికి దణ్ణం పెట్టేసినవాణ్ణి, అప్పటికి పాతికేళ్ళొచ్చి రెండో కుర్చీ దగ్గర కత్తెర ఆడిస్తున్నాను. చదివింది తక్కువైనా చెప్పడానికి లోటు లేదు. నోటికొచ్చిన మొదటి అధ్యాయం చెప్పేసేవాణ్ణి.

సరదాగా మొదలైంది, తర్వాత మా తిండి దాని మీదే ఆధారపడింది. రెండువేల సంవత్సరం దాటాక ఎదురుగా ఏసీ సెలూన్ పెట్టారు. గిర్రున తిరిగే కుర్చీలు, గోడకి కలర్ టీవీ. మాకున్నదల్లా ఆదివారం జనం. వాళ్ళు కూడా అటు పోతే కొట్టు మూసేసి, బావ వెళ్ళి ఆ ఏసీ షాపులోనే జీతానికి నిలబడాలి. మా బెంచీ మీద నలుగురుంటే ఐదోవాడు గుమ్మంలో ఆగి, ఒకసారి బెంచీ వంక, ఒకసారి రోడ్డు వంక చూస్తాడు. ఆ చూపు రోడ్డు దాటకముందే పట్టుకోవాలి. అదీ నా డ్యూటీ.

మొదట్లో చీకటి, ఉరుములు, కెవ్వుమని కేక అన్నీ వేసి చూశాను. ఆవలించారు. కరెంటు పోయే ఊళ్ళో చీకటికి ఎవడు భయపడతాడండీ! ఓ ఆదివారం ఇలా అందుకున్నాను: "మండవల్లి దగ్గర చేపల చెరువు. తెల్లారి మేత వెయ్యడానికి వచ్చిన మనిషికి గట్టు మీద జత చెప్పులు కనిపించాయి. రెండూ ఎడమకాలివే." బెంచీ మీద దగ్గినవాడు లేడు. ఐదోవాడు లోపలికొచ్చి గోడకి చేరబడ్డాడు. శవం కూడా అక్కర్లేదని అప్పుడు తెలిసింది. ఉన్నవన్నీ ఉన్నట్టే ఉండి, ఒక్కటి తేడాగా ఉంటే చాలు. ఆ తేడా సంగతి తేలేదాకా మనిషి కదలడు.

ఇలా జరుగుతుండగా ఓ ఆదివారం పొద్దున మాస్టారు బావ కుర్చీలో కూర్చున్నారు. మిషన్ స్కూల్లో నాకు పాఠాలు చెప్పినాయన. ఆరోజు చర్చిలో వాక్యం చదవాల్సింది ఆయనే. మా బెంచీ మీద సగం మంది ఆ చర్చివాళ్ళే, ఆయన ఏ కొట్టుకెళితే వాళ్ళూ ఆ కొట్టుకే. గుమ్మంలో ఐదోవాడు రోడ్డు వంక చూశాడు. నేను అందుకున్నాను.

"గణపవరం రోడ్డు పక్కన కారు. లోపల మనిషి. పోయాడు, ఒళ్ళు చల్లబడిపోయింది. కుడి చెంప నున్నగా గీసి ఉంది. ఎడమ చెంప మీద నురగ. ఆ నురగ మాత్రం ఇంకా తడారలేదు."

ఐదోవాడు గడప దాటి లోపలికొచ్చాడు. నేను మురిసిపోతూ అటు తిరిగి చూస్తే, మాస్టారి కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప మీద నురగ. పైన కత్తి పట్టుకుని మా బావ. బెంచీ బెంచీ అంతా బావ చేతి వంకే చూస్తోంది.

మాస్టారు మెల్లగా లేచారు. "పనుందండీ" అని, మెళ్ళో తువ్వాలుతోనే రోడ్డు దాటి ఏసీ షాపులోకి వెళ్ళిపోయారు. వెనకాలే ఇద్దరు లేచి చొక్కాలు సర్దుకున్నారు.

"కథ చెప్పి కొట్టు నింపమంటే ఖాళీ చేశావు కదరా!" అన్నాడు బావ పళ్ళ మధ్యనుంచి.

కాసేపటికి మాస్టారే తిరిగొచ్చారు. నురగ ఎండి చెంప మీద చారలు కట్టింది. అక్కడ కుర్చీలు ఖాళీ లేవట. ఈ సగం గడ్డం ఏమిటని వాళ్ళు అడిగితే కారు సంగతంతా చెప్పారట. ఆయన వెనక ఏసీ షాపులో వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఇద్దరు, కొత్తగా కత్తిరించిన తలతో ఒకాయన. ముగ్గురికీ కథ కావాలట.

మాస్టారు కూర్చోలేదు. "ముందు చంపిందెవరో చెప్పు. ఆ తర్వాతే మీ బావ కత్తి పట్టాలి. నువ్వు బళ్ళోనూ ఇంతే. హోంవర్క్ ఎందుకు తేలేదంటే మొదటి అధ్యాయం బ్రహ్మాండంగా చెప్పేవాడివి. రెండోది ఉండేది కాదు."

నిజంగానే లేదు. అప్పుడు బావే అందుకున్నాడు.

"మాస్టారండీ, కత్తి చేతబట్టి బతికేవాడు సగం గడ్డంతో మనిషిని వదలడండి. చంపాలనుకుంటే గడ్డం పూర్తిచేసి, పటిక రుద్ది మరీ చంపుతాడు. ఒళ్ళు చల్లబడ్డాక కూడా నురగ తడిగా ఉందంటే అది పోయాక పూసిందండి. ఎవడో నేరం మాలాంటోడి మీదకి తొయ్యడానికి."

అందరూ నోళ్ళు తెరిచారు. అందరికంటే పెద్దగా తెరిచింది నేనే. అల్లింది నేనైనా ఆ ముడి అలా విడుతుందని నాకే తెలీదు మరి.

మాస్టారు కూర్చుని ఎడమ చెంప అప్పగించారు. చర్చి గంట కొట్టారు. గడ్డం అయిపోయింది. అయినా లేవరే!

"లేవండి మాస్టారూ, వాక్యం చదవాలి కదండీ" అన్నాడు బావ.

"ఉండవయ్యా. మరి ఆ నురగ పూసిందెవరు?"

ఆ సాయంత్రం కొట్టు ఊడుస్తుంటే బావ కట్టలోంచి ఓ కొత్త నవల తీశాడు. మొదటి అధ్యాయం మొత్తం ఒక్క చింపు చింపి నా చేతిలో పెట్టాడు.

"చదవకు. ఇది తెలిస్తే నీ కథకి అడ్డం."