ఆ సీసాలోని నురగ

“అవ్వా, నిజం చెప్పు. నా సీసా ముట్టినావా?”

“నీ బురదనీళ్లతో నాకేం పనే? నన్ను దొంగను చేస్తాండావా?”

“దొంగంటాండేది నిన్ను కాదులే, నన్ను. కాలేజీలో అందరి ముందరా.”

ముట్టలేదన్నాను. ఆ అబద్ధాన్ని ఇన్నేళ్లు మోశాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అదే మేలు.

భారతి నా మనవరాలు. హిందూపురంలో మా ఇంట్లోనే ఉండి చదువుకునేది. పెనుకొండలో ఒక నూనె మిల్లు వెనక, ఏళ్లుగా నూనె ఇంకిన మట్టి తెచ్చింది. అందులోని సూక్ష్మజీవులు నూనె తిని సబ్బులాంటిదేదో వదులుతాయట. ప్రతి జీవి లోపలా ఒక రాత ఉంటుందట. అది చదివితే జాతి తెలుస్తుందట. ఆ జీవిని పెంచిన సీసాను కాలేజీకి సెలవులిచ్చినప్పుడు ఇంటికి తెచ్చి వంటింటి గూట్లో పెట్టింది.

గోధుమరంగు నీళ్లు, పైన నురగ. కోడలు మిగిల్చిన కుంకుడు రసమనుకున్నాను. పారబోయడం నాకు చేతకాదు. దానితో దుప్పటి ఉతికేశాను. సీసా కడిగేటప్పుడు కనబడింది, ఇంగ్లీషు చీటీ. చదవలేక చేశానా? చీటీ ఉన్న వస్తువును అడగకుండా తీయకూడదని తెలియదా? తెలుసు. అయినా కుంకుళ్లు నలిపి, ఆ రసం నింపి, సీసాను ఉన్నచోటే పెట్టాను. నురగే కదా, ఈ నురగకూ ఆ నురగకూ ఏం తేడా అనుకున్నాను.

సెలవులయ్యాక కాలేజీవాళ్లు ఆ సీసాను బెంగుళూరు ల్యాబుకు పంపారు. దొరికిన రాత సూక్ష్మజీవిది కాదు, ఏదో చెట్టుదట. కుంకుడు రసంతో మోసం చేసిందని భారతిని కాలేజీ సారు అందరి ముందూ అన్నాడట. మళ్లీ మట్టి తెద్దామని పెనుకొండ పోతే మిల్లు పడగొట్టి సిమెంటు పోసేశారు.

అప్పుడే వచ్చి నన్ను అడిగింది. ఒక్క మాట చెబితే పోయేది. భయమా? ఈ ఇంట్లో నేను ఎవరికీ భయపడింది లేదు. తప్పు చేసినవాళ్లందరినీ నిలబెట్టి అడిగినదాన్ని, నా వంతు వచ్చేసరికి నిలబడలేకపోయాను. పసిదాని పరువు కన్నా నా పెద్దరికమే నాకు ఎక్కువయింది. క్షమించమని అడగను. రాశాను, అంతే. ఛాతీ మీద బరువు కొంచెం జరిగినట్టుంది.

నన్ను అడిగిన మరుసటి ఉదయమే భారతి చీరలు రెండు సంచిలో పెట్టుకుంది. “నిన్ను అనుమానించినాను, మనసులో పెట్టుకోవద్దవ్వా” అంది. నేను తల ఊపాను. ధర్మవరం రైలెక్కి పోయి, ఒక పట్టుచీరల అంగడిలో చీరలు మడతపెట్టే పనిలో చేరింది.