యోన్సమ్మ గోత్రం

మా ప్రభావతి గురించి చెబుతాను. నేను చెబుతుంటే మా మనవరాలు భాగ్యశ్రీ రాస్తుంది. నా మాట బాగుచేయొద్దని దానికి ముందే చెప్పాను.

ప్రభావతి నాకు యారాలు, అంటే మా మరిది భార్య. చిక్కడపల్లిలో ఒకే ఇంట్లో నలభై రెండేళ్లుగా ఉంటున్నాం. ఇద్దరి మొగుళ్లూ పోయారు. ఆమెకు పిల్లలు పుట్టలేదు. నాకు ఒక్కడే కొడుకు, శ్రీశైలం. వాడు పుట్టిన ఏడే నారాయణగూడలో పిండి గిర్ని పెట్టాం. పొద్దున పోతే ఒళ్లంతా పిండి కొట్టుకుని దీపాలు పెట్టే వేళకు వచ్చేదాన్ని. వాడికి నీళ్లు పోసింది, ముద్దలు పెట్టింది, చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయింది ప్రభావతే. జ్వరమొస్తే వాడు పిలిచింది కూడా ఆమెనే. నేను అదేం పట్టించుకోలేదు. గిర్ని ఆగకుండా తిరిగితే చాలు నాకు.

మరిది పోయాక ప్రభావతి మాట తగ్గించింది. ఏం చేయాలో తెలియక భాగ్యశ్రీ టీవీలో కొరియా సీరియల్ పెట్టింది. తెలుగులో మాటలు కలిపినవి వస్తాయి కదా, అవి. ఆ రాణులు పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతారు. నాకు నవ్వొచ్చేది. ప్రభావతికి అదేం పట్టలేదు. అప్పటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంటుంది. కొరియావి అయ్యాక చైనావి, అవి అయ్యాక జపానువి.

ఆమె చూసే తీరే వేరు. హీరో ఎవరు, హీరోయిన్ ఎవరు అని అడగదు. మొదటి రోజే చచ్చేదెవరో కనిపెడుతుంది. "గీ పిల్ల బతకది అక్కా. అందరికి వడ్డించి ఆఖర్న తింటుంది సూడు" అంటుంది. పది రోజులకు ఆ పిల్ల చస్తుంది. "గెలిచెటోళ్లను అందరు సూస్తరు. గీళ్లను ఎవరన్న సూడాలె గద" అంటుంది. చైనావాళ్లు ఏడిస్తే గాలీ వానా వస్తాయట. కొరియావాళ్లు గిన్నె కడుగుతూ కడుగుతూ చెయ్యి ఆపేస్తారట, అంతేనట. ఆ చెయ్యి ఆగడం చూస్తేనే ఈమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది.

పోయినేడు భాద్రపదంలో యోన్సు కథ వచ్చింది. రాజుగారి వంటింట్లో దాసి. యువరాజు తినేముందు ప్రతి గిన్నె రుచి చూడడం ఆమె పని. తల్లి లేని ఆ పిల్లవాణ్ణి పాలు తాగే వయసు నుంచి ఆమే పెంచింది. ప్రభావతి ఆమెను యోన్సమ్మ అనేది, మన పక్కనున్న నల్లకుంట మనిషైనట్టు. ఒకరోజు జావలో విషం కలిపి పంపారు. ఒక్క చెంచాతోనే ఆమెకు తెలిసిపోయింది. పిల్లవాడి చెయ్యి ఎక్కడ పడుతుందోనని గిన్నెడు జావ తనే తాగేసింది. మంచులో పడి చచ్చిపోయింది. ఆ పిల్లవాడు తర్వాత రాజయ్యాడు. దాసికి కర్మ చేయకూడదని మంత్రులు చెబితే ఊరుకున్నాడు.

ఆ రోజు ప్రభావతి అన్నం ముట్టలేదు.

"ఏందే నీ కథ? మరిది పోయిన్నాడు గూడ రెండు ముద్దలు తిన్నవు. గీ టీవీ దానికి పస్తుంటవా?" అన్నాను.

"ఆయనకు ఏడ్వనీకె ఇల్లంత ఉండె గద అక్కా. ఈమెకు ఎవరున్నరు? పెంచిన పోరడు గూడ నీళ్లిడువలే."

"పెంచితే కొడుకైతడా? కన్నదానికే గద ఇడుస్తరు" అన్నాను. ఊరికే అన్నాను. కత్తిపీట మీద కూర కోస్తూ అన్నాను.

ప్రభావతి చిక్కుడుకాయలు తుంచుతున్నది. చెయ్యి ఆగింది. మళ్లీ తుంచడం మొదలుపెట్టింది. ఆ చెయ్యి ఆగడం నేను చూశాను. చూసి కూడా కత్తిపీట కడగడానికి లేచిపోయాను.

వారానికి పెత్రామాస వచ్చింది. పోయినవాళ్ల పేరు చెప్పి పంతులుకు బియ్యమిచ్చే అమావాస్య. మా పంతులు పక్క సందులో తన ఇంటి అరుగు మీదే కూర్చుంటాడు. ఏ ఇంట్లో ఎవరు పోయారో, ఏ గోత్రమో ఆయన నోటుబుక్కులో రాసి ఉంటుంది. శ్రీశైలం మా ఆయనకూ మరిదికీ చెరో పళ్లెం తెచ్చాడు. బియ్యం, పప్పు, సొరకాయ. ప్రభావతి కొంగు చాటు నుంచి మూడో పళ్లెం తీసింది.

"ఇది ఎవరికమ్మా?" అన్నాడు పంతులు.

"యోన్సమ్మకు."

"మీ ఇంట్ల ఆ పేరు లేదు గద! ఎప్పుడు పోయింది?"

"మొన్న శుక్రారం. ఒంటిగంటన్నరకు."

శ్రీశైలం ఫక్కున నవ్వాడు. "టీవీల పోయింది పంతులుగారూ!" అన్నాడు. వెనక లైన్‌లో ఉన్నవాళ్లూ నవ్వారు. ప్రభావతి నవ్వలేదు.

"ఆమెకు ఇచ్చెటోళ్లు లేరు. జర తీస్కోండ్రి. అట్లనే ఇంకో పేరు గూడ రాస్కోండ్రి. ప్రభావతి."

"అయ్యయ్యో, బతికున్నోళ్ల పేరు రాయొద్దమ్మా!"

"పోయినంక ఎవరు రాయిస్తరు? కన్నోళ్లకే ఇస్తరట గద. ఇప్పుడే నా చేతుల మీద నేనే ఇచ్చుకుంట. మీ బుక్కుల పేరుంటే యాడాదికి ఒక్కపారన్న సదువుతరు."

నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. నలుగురి ముందు గొంతెత్తి మాట్లాడడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ రోజు మాత్రం మా ఆయన పళ్లెంలో బియ్యం సర్దుతూ నిలబడ్డాను.

శ్రీశైలం నవ్వు ఆగిపోయింది. "ఎవరన్నరు చిన్నమ్మా గామాట?" అన్నాడు.

"నేనే అన్న" అన్నాను.

వాడు నన్ను చూసిన చూపు ఇక్కడ చెప్పను. పంతులు వైపు తిరిగి, "చిన్నమ్మ పేరు మీ బుక్కుల వద్దు పంతులుగారూ. నాకు అన్నం పెట్టినామె పేరు నాకు ఒకరు సదివి చెప్పాల్నా? నేనే ఇస్త. నేను లేకుంటే నా బిడ్డ ఇస్తది" అన్నాడు. తర్వాత ఆమెతో, "నువ్వు జర ఆగు చిన్నమ్మా, తొందరేమున్నది? మాపు బతుకమ్మ పేర్వాలె. నువ్వు లేంది మా అమ్మకు ఒక్క పూల వరస గూడ నిలవది" అన్నాడు.

ప్రభావతి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పళ్లెంలో పక్కకు ఒరిగిన సొరకాయను సరిగ్గా పెట్టింది.

"మరి ఈ యోన్సమ్మ గోత్రం ఏందమ్మా? చెప్పకుంటే ఎట్లిస్తరు?" అన్నాడు పంతులు, పెన్ను పట్టుకుని.

ప్రభావతికి దాసి బతుకంతా తెలుసు, గోత్రం తెలియదు.

"మాదే రాస్కో. మా ఇంటి మనిషే" అన్నాను.

శ్రీశైలం చేతిలో నీళ్లు పోసుకుని ఆమె పేరు చెప్పి వదిలాడు. యోన్సు అన్నాడు. "యోన్సమ్మ" అని ప్రభావతి సరిచేసింది. వాడు మళ్లీ చెప్పి వదిలాడు.

ఇంటికి వస్తుంటే సందు మలుపులో ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నోరు జారిన ప్రభా" అన్నాను.

"ఏనాడు జారలే అక్కా నీ నోరు?" అంది. "జల్ది నడువు. ఒంటిగంటైతుంది. కొత్తది మొదలైతది. గా సీరియల్ల వంటామె ఉన్నదట."

"ఆమె బతుకుతదా?"

"సూస్తె గద తెల్సేది" అంది. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.